నెట్ రాని ల్యాప్‌టాప్: నీళ్ళు ఎక్కడ ఆగాయో ముందు చూడండి

(మా ఊరి శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినపడుతోందా అండీ? వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందు ఒక్క ప్రశ్న. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో నెట్ ఆగిపోయింది. మీరు మొట్టమొదట చేసే పనేంటి? చెప్పండి. రూటర్ ఆపి మళ్ళీ వేస్తాం, సరే. ఇంకా? కేబుల్ అబ్బాయికి ఫోన్ చేస్తాం, అదీ సరే. అటు మూల నుంచి ఎవరో అన్నారు, పిన్ను పెట్టి రీసెట్ నొక్కుతాం అని. ఆ మాట గుర్తుంచుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇవాళ నేను ఇక్కడికి వచ్చిందే ఆ పిన్ను గురించి చెప్పడానికి.

ఇక్కడున్నవాళ్ళలో సగం మంది వ్యవసాయం చేసినవాళ్ళే, చేసే ఇంట్లో పుట్టినవాళ్ళే. మన డెల్టాలో మడికి నీళ్ళు రాలేదనుకోండి, ఏం చేస్తాం? పార పట్టుకుని మడిలోనే తవ్వడం మొదలుపెడతామా? పెట్టం. గట్టెక్కి బోదె వెంట పైకి నడుస్తాం. పక్క మడిలో నీళ్ళున్నాయా? బోదెలో ఉన్నాయా? తూము తెరిచి ఉందా? కాలువ పారుతోందా? ఎక్కడిదాకా నీళ్ళున్నాయి, ఎక్కడి నుంచి లేవు, ఆ చోటు పట్టుకుంటాం. గండి పడిందో, గుర్రపుడెక్క అడ్డం పడిందో అక్కడే తెలుస్తుంది. అప్పుడు దించుతాం పార.

ల్యాప్‌టాప్‌కి నెట్ రావడమూ అంతే. ల్యాప్‌టాప్ మన మడి. రూటర్ తూము. గోడలోంచి వచ్చే సన్నటి ఫైబర్ తీగ మన బోదె. ఆపరేటరు దగ్గరున్నది కాలువ. ఎక్కడిదాకా వస్తోందో చూడకుండా చెయ్యి పెట్టకండి. నేను చెప్పదలచుకున్నది ఇదే. మిగతా గంటా ఎలా చూడాలో చెప్తాను.

పాతికేళ్ళుగా కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటున్నాను. చాలా బాగుచేశాను, చాలా చూశాను. కానీ ఒక రాత్రి మాత్రం నా మనసులోంచి పోదు. మా వీధి చివర ఒక అమ్మాయి ఉంది. ఈఏపీసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి ఆ రాత్రే ఆఖరు. ఎనిమిదిన్నరకి వాళ్ళ నాన్న మా గుమ్మంలోకి వచ్చారు. చెప్పులు కూడా లేవు కాళ్ళకి. "మాస్టారూ, నెట్ పోయింది, పిల్ల ఏడుస్తోంది, ఒక్కసారి రండి" అన్నారు.

వెళ్ళాను. అమ్మాయి మంచం మీద కూర్చుని ఉంది, ముందు వాళ్ళ అన్నయ్య వాడి వదిలేసిన పాత ల్యాప్‌టాప్. ఆ అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాక అది బీరువాలో చాలా నెలలు పడుంది. పక్కన కాగితం మీద కాలేజీల కోడ్లు, వరసగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి పెట్టుకుంది. రూటర్ దగ్గర నేల మీద ఒక పిన్నీసు పడుంది. దాన్ని చూడగానే నాకు గుండె జారిపోయింది. ఏం జరిగిందో తర్వాత చెప్తాను. ఆ రాత్రి నేను ఏ వరసలో చూశానో ఆ వరసలోనే మీకూ చెప్తాను.

మొదటి ప్రశ్న: పక్క మడిలో నీళ్ళున్నాయా?

అంటే అదే ఇంట్లో, అదే వైఫై మీద ఉన్న ఇంకో ఫోనులో నెట్ వస్తోందా? ఇది చాలా తేలికైన ప్రశ్న, అందరూ తప్పు జవాబు చెప్పేది కూడా దీనికే. ఎందుకో చెప్పనా? మన ఫోనుకి రెండు దారులున్నాయి. వైఫైలో నెట్ రాకపోతే చాలా ఫోన్లు మనకి చెప్పకుండానే సిమ్ములోని డేటాకి మారిపోతాయి. మనమేమో "ఫోనులో వస్తోంది కదా, ల్యాప్‌టాప్‌లోనే రావట్లేదు" అనుకుంటాం. ల్యాప్‌టాప్‌ని పట్టుకుని రెండు గంటలు కుస్తీ పడతాం. అది చాలా అన్యాయం దానికి.

అందుకని ఫోనులో మొబైల్ డేటా ఆపండి. వైఫై మాత్రం ఉంచండి. అప్పుడు ఏదో ఒక కొత్త పేజీ తెరవండి. ఇందాక చూసిన పేజీ వద్దు, అది ఫోనులో దాచుకున్నది కూడా కావచ్చు. కొత్తది తెరవండి. వచ్చిందా? అయితే కాలువ, బోదె, తూము మూడూ బాగానే ఉన్నాయి, తేడా ల్యాప్‌టాప్‌లో ఉంది. రాలేదా? అయితే ల్యాప్‌టాప్ జోలికి వెళ్ళకండి, తిన్నగా రూటర్ దగ్గరికి నడవండి. ఒక్క నిమిషం పని ఇది. ఈ ఒక్క నిమిషం సగం దారి తేల్చేస్తుంది.

ఇప్పుడు రూటర్ దగ్గరికి వచ్చాం. ఇదిగో, మా ఇంట్లోదే తీసుకొచ్చాను. ముందు బెంచీ వాళ్ళు చేతుల్లోకి తీసుకుని చూడండి, వెనక్కి కూడా పంపండి. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇళ్ళలో ఈ పెట్టె మీద వరసగా దీపాలుంటాయి. వాటిలో రెండు మీకు తెలియాలి. ఒకటి పాన్ అని ఉంటుంది, పీ, ఓ, ఎన్. రెండోది లాస్, ఎల్, ఓ, ఎస్. పాన్ ఆకుపచ్చగా కదలకుండా వెలుగుతుంటే ఆపరేటరు దగ్గర నుంచి మీ గోడ దాకా వెలుగు వస్తోందని అర్థం. లాస్ దీపం ఎర్రగా మిణుకుమిణుకుమంటుంటే వెలుగు అందట్లేదు. వెలుగు అంటే నిజంగా వెలుగే. ఫైబర్ తీగలో కరెంటు రాదు, కాంతి వస్తుంది. గాజు తీగ అది. ఆ కాంతి నడిచే నడిమి భాగం 9 మైక్రాన్లు. తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నం. దాన్ని బీరువా వెనక మడిచి నొక్కేస్తే, మేకుకి బిగించి చుడితే, వంపు దగ్గర కాంతి బయటికి జారిపోతుంది. తీగ తెగక్కర్లేదు, బాగా వంగితే చాలు.

ఇల్లు సర్దిన రోజు, బూజు దులిపిన రోజు, సంక్రాంతికి సున్నం వేసిన రోజు నెట్ పోయిందంటే ముందు చూడాల్సింది ఇదే. తీగ ఎక్కడైనా మడతపడిందా? ప్లగ్గు వదులైందా? నెమ్మదిగా చూడండి. ఒక్క జాగ్రత్త, చేతులెత్తి చెప్తున్నాను. ఆ ప్లగ్గు ఊడదీసి లోపల వెలుగు వస్తోందా అని కంటితో చూడకండి. ఆ కాంతి కంటికి కనపడేది కాదు. కనపడకపోయినా కంటికి మంచిది కాదు. పిల్లల్ని కూడా చూడనివ్వకండి.

మన వైపు ఫైబర్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది. గాలివానకి కొమ్మ విరిగి పడినా, లారీ మీద గడ్డిమోపు ఎత్తుగా వేసుకుపోయినా తెగుతుంది. అలా తెగినప్పుడు లాస్ ఎర్రగా వెలుగుతుంది, మీరు ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. రూటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా రాదు. ఆపరేటరుకి ఫోన్ చేసి, "నెట్ రావట్లేదు" అని మాత్రమే చెప్పకండి. "లాస్ దీపం ఎర్రగా వెలుగుతోంది, ఇంట్లో తీగ సరిగ్గానే ఉంది" అని చెప్పండి. ఈ ఒక్క వాక్యం చెప్తే వాళ్ళు అతుకు వేసే మిషను తీసుకునే వస్తారు. చెప్పకపోతే ఒకసారి ఊరికే వచ్చి చూసిపోతారు, మళ్ళీ మర్నాడు వస్తారు.

మరి రూటర్ ఆపి వేయడం తప్పా? తప్పు కాదండీ. పాన్ దీపం బాగుండి, ఏ ఫోనులోనూ నెట్ రాకపోతే తప్పకుండా చేయండి. స్విచ్చి ఆపి, అర నిమిషం ఆగి, మళ్ళీ వేయండి. దీపాలన్నీ కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి. అది నిద్రపుచ్చి లేపడం లాంటిది, ఏ హానీ లేదు.

రీసెట్ వేరు. ఈ పెట్టె వెనక సూది బెజ్జం ఉంది చూడండి. అందులో పిన్ను పెట్టి పది సెకన్లు నొక్కితే రూటర్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకి వెళ్ళిపోతుంది. మీ వైఫై పేరు పోతుంది, పాస్‌వర్డ్ పోతుంది. అది పోతే పోయింది. కానీ చాలా కనెక్షన్లలో ఆపరేటరు మీ పేరు మీద ఒక యూజర్ నేమ్, ఒక పాస్‌వర్డ్ లోపల వేసి ఉంచుతాడు. అదీ పోతుంది. అది మీ దగ్గర ఉండదు. రాత్రి తొమ్మిదింటికి ఆపరేటరు ఫోన్ ఎత్తడు. అప్పటిదాకా ఒక్కటే తేడా ఉంటే, ఇప్పుడు రెండయ్యాయి. రెండోది మన చేత్తో మనం చేసుకున్నది.

ఆ ఇంట్లో నేల మీద పిన్నీసు అదే. ఏ వీడియోలో చూశారో, ఎవరు చెప్పారో, ఆ తండ్రి కంగారులో నొక్కేశారు. పిల్ల కోసమే నొక్కారు పాపం. నేను వెళ్ళేసరికి పాన్ దీపం పచ్చగా ఉంది, ఇంటర్నెట్ దీపం ఆరిపోయి ఉంది. కాలువలో నీళ్ళున్నాయి, తూము మూతపడింది. ఆ రాత్రికి ఆ దారి ఇక తెరుచుకోదు.

అందుకే ఇవాళ ఇంటికెళ్ళాక ఒక పని చేయండి. ఆపరేటరుకి పగటిపూట ఫోన్ చేసి ఆ యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అడిగి కాగితం మీద రాసి గ్యాసు పుస్తకంలో పెట్టుకోండి. ఇస్తారు, అడిగితే ఇస్తారు.

ఇప్పుడు మడిలోకి దిగుదాం. ఫోన్లన్నిటిలో వస్తోంది, ల్యాప్‌టాప్‌లో మాత్రం రావట్లేదు. ఏం చూడాలి?

తెర కింద కుడి మూల చూడండి. వైఫై గుర్తు గొడుగులా ఉంటుంది. దాని చోట భూగోళం బొమ్మ ఉంటే ల్యాప్‌టాప్ అసలు రూటర్‌ని చేరలేదు, లేదా చేరినా బయటి దారి లేదు. విమానం బొమ్మ ఉంటే ఏరోప్లేన్ మోడ్ పడింది. పైవరస మీటల్లో ఒకదాని మీద విమానం బొమ్మో, వైఫై టవర్ బొమ్మో ఉంటుంది. శబ్దం పెంచబోయి దాన్ని నొక్కేస్తారు. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లకి పక్కన చిన్న జారుడు స్విచ్చి ఉంటుంది. సంచీలోంచి తీస్తుంటే అది జరిగిపోతుంది, మనకి తెలీదు. నా దగ్గరికి వచ్చినవాటిలో ఇలాంటివి లెక్కలేనన్ని. వాళ్ళని నేనెప్పుడూ నవ్వలేదు, మీరూ ఎవరినీ నవ్వకండి. తెలియకపోవడం తప్పు కాదు.

వైఫై పేరు కనపడుతోంది, పాస్‌వర్డ్ కొడితే తీసుకోవట్లేదు అంటే, ఈమధ్య పాస్‌వర్డ్ మార్చారా అని ఇంట్లో అడగండి. ల్యాప్‌టాప్ పాతదే గుర్తుపెట్టుకుని దాన్నే పంపుతూ ఉంటుంది. ఆ పేరు మీద కుడి మీట నొక్కి ఫర్గెట్ అనండి, కొత్తగా కలపండి.

వైఫై పేరే కనపడట్లేదు, ఫోనుకి కనపడుతోంది, అంటారు కొందరు. చాలా రూటర్లు రెండు రకాల తరంగాలు పంపుతాయి, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. పాత ల్యాప్‌టాప్‌లు కొన్నిటికి 5 వినపడదు. పేరు చివర 5జీ అని ఉన్నది వదిలేసి రెండోదానికి కలపండి.

వైఫై కలిసింది, కింద "నో ఇంటర్నెట్" అని వస్తోంది. అసలు ల్యాప్‌టాప్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది? ఎప్పుడైనా ఆలోచించారా? వైఫై కలవగానే విండోస్ మనకి చెప్పకుండా మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి ఒక బుల్లి ఫైలు తెచ్చుకోడానికి చూస్తుంది. అందులో ఉండేది మూడే మాటలు, "మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్" అని. ఆ మూడు మాటలు చేతికందితే ఇంటర్నెట్ ఉన్నట్టు, అందకపోతే లేనట్టు. మనిషిని పైకి పంపి తూము చూసి రమ్మన్నట్టు. రైల్వే స్టేషన్లో, హోటల్లో వైఫై కలిపినప్పుడు ఫోన్ నంబరు అడిగే పేజీ దానంతట అది వస్తుంది కదా, అదీ ఇలాగే. మూడు మాటలు అడిగితే వేరే పేజీ చేతిలో పెట్టారు, అంటే ఇక్కడ లాగిన్ అవ్వాలన్నమాట అని తెలుసుకుంటుంది. ఒక్కోసారి ఆ పేజీ రాదు, మనం వైఫై పనిచేయట్లేదని వదిలేస్తాం. బ్రౌజర్ తెరిచి ఏదో ఒక సైటు కొట్టండి, వస్తుంది.

ఇక్కడి నుంచి కాస్త లోతుకి వెళ్తాను. అమ్మా, మీరు కూడా వినండి, ఇది ఇంజనీర్లకి మాత్రమే అనుకోకండి. వంటింట్లో ఇంతకన్నా కష్టమైన లెక్కలు వేస్తారు మీరు.

స్టార్ట్ దగ్గర సీ, ఎం, డీ అని కొట్టండి. నల్ల పెట్టె తెరుచుకుంటుంది. భయపడకండి. అందులో ఐపీకాన్ఫిగ్ అని, ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి ఎంటర్ నొక్కండి. చాలా వరసలు వస్తాయి. ఐపీవీ4 అడ్రస్ అన్న వరస ఒక్కటే చూడండి. మన ఇళ్ళలో మామూలుగా 192.168 తో మొదలవుతుంది. అంటే రూటర్ మీ ల్యాప్‌టాప్‌ని చూసి, "నువ్వు ఫలానా నంబరు" అని పేరు పెట్టింది. 169.254 తో మొదలైతే? అది రూటర్ ఇచ్చిన నంబరు కాదు. ల్యాప్‌టాప్ అడిగింది, అడిగింది, ఎవరూ పలకలేదు. చివరికి తనకి తనే ఒక నంబరు పెట్టుకుంది. ఆ నంబరుతో బయటికి పోలేదు. పిలిచినా ఎవరూ పలకని ఇంట్లో పిల్ల తనలో తను మాట్లాడుకున్నట్టు.

169 కనపడిందా, అప్పుడు రూటర్ ఒకసారి ఆపి వేయండి, ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయండి. రీస్టార్టే చేయండి, షట్‌డౌన్ కాదు. విండోస్‌లో షట్‌డౌన్ చేస్తే త్వరగా లేవడం కోసం లోపలి స్థితిని కొంత దాచుకుని పడుకుంటుంది. లేవగానే ఆ పాత తేడాతోనే లేస్తుంది. రీస్టార్ట్ అయితే అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఈ సంగతి చాలామందికి తెలీదు.

ఇంకో రకం ఉంది. ఆఫీసులో బాగానే వస్తుంది, ఇంటికొస్తే రాదు. ఆఫీసులో ఎవరో నంబరు చేత్తో టైపు చేసి పెట్టి ఉంటారు, లేదా ప్రాక్సీ, అంటే మనకీ నెట్‌కీ మధ్యలో నిలబడే ఇంకో కంప్యూటరు, పెట్టి ఉంటారు. ఇంటి రూటర్‌కి ఆ నంబరు ఏమిటో తెలీదు. సెట్టింగుల్లో ఐపీ అడ్రస్‌ని ఆటోమేటిక్‌కి మార్చండి, ప్రాక్సీ ఉంటే ఆపండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే వాళ్ళని అడిగే మార్చండి.

నంబరు బాగానే ఉంటే, అప్పుడు పింగ్. 1983 డిసెంబరులో అమెరికాలో మైక్ మస్ అనే ఆయన రాశారు ఈ ప్రోగ్రాముని. జలాంతర్గామి నీళ్ళలోకి శబ్దం వదిలి ప్రతిధ్వని వింటుందే, ఆ చప్పుడు పేరే పెట్టారు దానికి. మనం కేక వేస్తాం, అవతలివాళ్ళు ఊఁ అంటారు. అంతే దాని పని. మూడు కేకలు వేయండి. మొదట రూటర్‌కి. ఐపీకాన్ఫిగ్‌లో డిఫాల్ట్ గేట్‌వే అని ఉంటుంది చూడండి, అదే రూటర్ నంబరు. పింగ్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, ఆ నంబరు కొట్టండి. నాలుగు జవాబులు వస్తే తూము దాకా దారి బాగుంది. రెండో కేక 8.8.8.8 కి. అది గూగుల్ 2009 డిసెంబరులో పెట్టిన సర్వరు. జవాబు వస్తే ప్రపంచం దాకా దారి ఉంది. మూడో కేక ఏదైనా వెబ్‌సైటు పేరుకి, నంబరుతో కాదు, పేరుతో. నంబరుకి పలికి, పేరుకి పలకకపోతే? దారి బాగుంది, పేరు చెబితే ఇల్లు చూపించే మనిషి లేడు.

ఆ మనిషి పేరు డీఎన్ఎస్. ఒకప్పుడు ఆ మనిషి లేడు. నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రిసర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆవిడ బృందం దాన్ని చూసుకునేది. కొత్త కంప్యూటర్ కలపాలంటే వాళ్ళకి చెప్పాలి, వాళ్ళు ఫైల్లో ఎక్కించాలి, అందరూ ఆ ఫైలు తెచ్చుకోవాలి. మన ఊళ్ళో ఒకే కరణం దగ్గర ఒకే దస్త్రం ఉన్నట్టు. ఊరు పెరిగింది, దస్త్రం చాలలేదు. 1983లో పాల్ మాకాపెట్రిస్ ఈ డీఎన్ఎస్ పద్ధతి తయారుచేశారు.

పేర్లు పలకకపోతే ఏమవుతుందో మీరందరూ ఒక రాత్రి చూశారు. 2021 అక్టోబరు 4, సోమవారం. రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మూడూ ఒక్కసారి ఆగిపోయాయి, సుమారు ఆరు గంటలు. గుర్తుందా? వాళ్ళ సొంత నెట్‌వర్కులో మరమ్మతు చేస్తుంటే పొరపాటు జరిగి, వాళ్ళ పేర్లకి దారి చెప్పే సర్వర్లే ప్రపంచానికి కనపడకుండా పోయాయి. ఆ రాత్రి నాకు పదకొండు ఫోన్లు వచ్చాయి, "మాస్టారూ, మా వైఫై పోయింది" అని. ఎవరి వైఫై పోలేదు. వేరే సైటు ఒకటి తెరిచి చూడండి అంటే చూశారు, వచ్చింది. ఆ పదకొండు మందిలో ఇద్దరు అప్పటికే రూటర్ రీసెట్ నొక్కేశారు.

మీ ఇంట్లో పేర్లు పలకకపోతే ఐపీకాన్ఫిగ్ తర్వాత ఖాళీ ఇచ్చి, ముందుకి వాలిన గీత పెట్టి, ఫ్లష్‌డీఎన్ఎస్ అని కొట్టండి. పాత చిరునామాలు మరిచిపోతుంది. అయినా రాకపోతే వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టండి. రెండూ పేరు చెబితే ఇల్లు చూపించే సర్వర్లే.

అసలు వైఫై మీటే మాయమైపోతే? అది డ్రైవరు సంగతి. డ్రైవరంటే ల్యాప్‌టాప్‌లోని వైఫై భాగాన్ని విండోస్‌తో నడిపించే చిన్న ప్రోగ్రాము. విండోస్ అప్‌డేట్ పడిన మర్నాడు ఎక్కువగా జరుగుతుంది. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ల కింద పసుపు త్రికోణం కనపడుతుంది. దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు తిరిగొస్తుంది. డ్రైవరు ఫైలు కూడా తీసేయమంటారా అని ఒక గడి అడుగుతుంది, అందులో టిక్కు పెట్టకండి. కొత్త డ్రైవరు కావాలంటే నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవరు కావాలి, ఎలా అంటారు. ఫోనుని ఛార్జింగు తీగతో ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెథరింగ్ వేయండి. వైఫై లేకుండానే ఫోనులోని నెట్ ల్యాప్‌టాప్‌కి వస్తుంది. ఈ తీగని మరచిపోకండి. ఆ రాత్రి నన్ను ఆదుకుంది ఇదే.

ఆ రాత్రి దగ్గరికి వస్తున్నాను. రూటర్ దారి మూసుకుపోయింది. నా ఫోను తీగతో పెట్టి టెథరింగ్ వేశాను. కింద గుర్తు బాగానే వచ్చింది. అమ్మాయి ముఖం వెలిగింది. కౌన్సెలింగ్ సైటు తెరిచింది. సైటు రాలేదు, అంతకుముందు వచ్చిన తప్పు తెరే మళ్ళీ వచ్చింది. నాకప్పుడు అర్థమైంది. దారి మార్చాం, అయినా అదే తేడా. అంటే మొదటి నుంచీ తేడా దారిలో లేదు. నల్ల పెట్టె తెరిచి మూడు కేకలు వేశాను, మూడిటికీ పలికింది. కాలువ పారుతోంది, ఫోను అనే కొత్త తూము బాగుంది, మడి గట్టు దాకా నీళ్ళొచ్చాయి. మరి లోపలికి ఎందుకు రావట్లేదు?

అప్పుడు ఆ తెర మీద ఏముందో చదివాను. పెద్ద అక్షరాలతో "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని ఉంది. "ఇది ఎప్పటి నుంచి వస్తోందమ్మా?" అన్నాను. "మొదటి నుంచీ అదే అంకుల్" అంది. "టైము దాటిపోయిందని చెప్తోంది కదా అంకుల్, సైటు మూసేశారు కదా" అని ఏడ్చేసింది.

ఆ పిల్ల దాన్ని అలా చదువుకుంది. నీ గడువు వెనకబడిపోయిందని. కింద సన్నక్షరాల్లో కనెక్షన్ కుదరదని ఉంది. వాళ్ళ నాన్న ఆ కనెక్షన్ అన్న మాట చదివి రూటర్ మీద పడ్డారు. అసలు అది చెప్పింది ఒక్కటే: ఈ ల్యాప్‌టాప్ గడియారం తప్పు. కుడి మూల చూశాను. 2015 జనవరి 1 అని ఉంది.

ల్యాప్‌టాప్ లోపల గడియారానికి రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటి ఉంటుంది, చాలావాటిలో. నెలల తరబడి బీరువాలో పడుంటే పెద్ద బ్యాటరీ దిగిపోతుంది, ఈ సెల్లు కూడా అయిపోతే తారీఖు పుట్టిన రోజుకి వెళ్ళిపోతుంది. తారీఖుకీ నెట్‌కీ ఏంటి సంబంధం అంటారా? ప్రతి సైటుకీ ఒక ధ్రువపత్రం ఉంటుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని. బస్ పాస్ లాగే. బ్రౌజర్ ఆ పాసు చూసి, "ఇవాళ 2015, ఈ పాసు ఇంకా మొదలే కాలేదు" అని లోపలికి రానివ్వదు. దాని పని అది సరిగ్గానే చేసింది. గడియారం దానంతట అది సరి అవ్వదా అంటే, నెట్ రాగానే మామూలుగా అవుతుంది, తేడా ఇలా ఏళ్ళకి ఏళ్ళుంటే ఒక్కోసారి ఒప్పుకోదు.

తారీఖు మార్చాను. ఇరవై సెకన్ల పని. పేజీ తెరుచుకుంది. అమ్మాయి కళ్ళు తుడుచుకుని కాగితం చూసి కోడ్లు కొట్టడం మొదలుపెట్టింది. నేను, వాళ్ళ నాన్న, వాళ్ళమ్మ, ముగ్గురం గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఎవరం మాట్లాడలేదు. పదీ నలభైకి సేవ్ నొక్కింది, ప్రింటు కోసం ఫైలు దాచుకుంది. వాళ్ళమ్మ లోపలికెళ్ళి అందరికీ మజ్జిగ తెచ్చింది. ఆ ఇంటి వైఫై మాత్రం ఆపరేటరు వచ్చి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ మళ్ళీ వేసేదాకా, మూడో రోజు దాకా రాలేదు.

ఆ అమ్మాయి ఆ తెరని ఇంకొక్కసారి నిదానంగా చదివి ఉంటే అన్నారు ఒకరు నాతో. పద్దెనిమిదేళ్ళ పిల్ల, గడువు ఆఖరి రాత్రి, ఇంగ్లిష్‌లో తెర. ఆ తెర తెలుగులో ఉండి ఉంటే ఇదంతా జరిగేదా? నాకు ఇది బాధగా ఉంటుంది. బ్రౌజర్ సెట్టింగుల్లో భాష తెలుగుకి మార్చుకోవచ్చు, చాలామందికి తెలీదు. మార్చుకోండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్నలుంటే అడగండి. ఆఁ, మాస్టారూ, చెప్పండి. హాల్లో బాగా వస్తుంది, వెనక గదిలో రాదు. గదికీ రూటర్‌కీ మధ్య ఏముంది? స్టీలు బీరువా. అదేనండీ. ఇనుము దాటి పోలేదు తరంగం. చేపల తొట్టి ఉన్నా అంతే, నీళ్ళు తాగేస్తాయి దాన్ని. రూటర్‌ని నేల మీద, టీవీ వెనక పెట్టకుండా మనిషి ఎత్తున, ఇంటి మధ్యలో పెట్టించండి. దూరపు గదికి 2.4 వాడండి, 5 వేగంగా ఉంటుంది గానీ గోడలు దాటేసరికి బాగా నీరసిస్తుంది. మైక్రోవేవ్ ఓవెన్ నడుస్తున్నప్పుడు ఆగుతుందా అని మీరు అడిగారు కదమ్మా, అవును, అదీ 2.4 దగ్గరే పనిచేస్తుంది. పాలు వెచ్చపెట్టుకునే రెండు నిమిషాలు ఓర్చుకోండి, తేడా ల్యాప్‌టాప్‌లో లేదు.

నెట్‌వర్క్ రీసెట్ అని విండోస్‌లో ఉంది, అది నొక్కొచ్చా అన్నారు. నొక్కొచ్చు, అన్నీ చూశాక, ఆఖరున. ల్యాప్‌టాప్‌లో దాచుకున్న వైఫై పాస్‌వర్డ్‌లన్నీ పోతాయి, ఆఫీసు నెట్‌వర్కుకి కలవడానికి పెట్టుకునే వీపీఎన్ లాంటిది ఉంటే మళ్ళీ పెట్టుకోవాలి. ముందు రాసిపెట్టుకోండి.

టైమైంది. ల్యాప్‌టాప్‌లు తెచ్చినవాళ్ళు పత్రికల బల్ల దగ్గరికి రండి, ఛార్జర్లు కూడా తెచ్చుకోండి. రూటర్ ఎవరి దగ్గర ఉంది? వెనక బెంచీలో ఉందా? ఇలా పంపించండి. ఎవరూ పిన్ను పెట్టలేదు కదా.